బైబిలు కాలంలో చావు ఇల్లు: ఎవరు ఎంత ఏడవాలి?

చావు కబురు వినగానే ఏం చేసేవారు?
ఒంటిమీది బట్ట చింపుకునేవారు. కొడుకు యోసేపు నెత్తుటి అంగీ చూసి యాకోబు చేసిందదే. ఆ తర్వాత నడుముకు గోనెపట్ట, నెత్తిన దుమ్ము. గోనెపట్ట అనగానే మనకు బియ్యం బస్తా గుర్తొస్తుంది గానీ, అది మేక వెంట్రుకలతో నేసిన ముతక గుడ్డ. ఒంటికి గుచ్చుకుంటుంది.

ఏడుపు రాకపోతే?
రాజు ఏడవమంటే ఏడవాల్సిందే. సౌలు రాజు సేనాపతి అబ్నేరును చంపింది దావీదు రాజు సేనాపతి యోవాబు. బట్టలు చింపుకొని, గోనెపట్ట కట్టుకొని శవం ముందు నడుస్తూ ఏడవమని దావీదు ఆజ్ఞ ఇచ్చిన వాళ్లలో ఆ యోవాబూ ఉన్నాడు. రాజు తాను పాడె వెనక నడిచాడు.

గుండు చేయించుకోవచ్చా?
కూడదు. చనిపోయినవారి కోసం ఒళ్లు కోసుకోవడం, నొసటి మీద బోడి చేసుకోవడం ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం నిషేధించింది. కానీ యిర్మీయా గ్రంథంలో 80 మంది గడ్డాలు గొరిగించుకొని, ఒళ్లంతా గాట్లు పెట్టుకొని, సాక్షాత్తూ యెహోవా మందిరానికే నైవేద్యాలు పట్టుకొని బయల్దేరారు. వాళ్లను ఎవరూ తప్పుపట్టినట్టు లేదు. శాస్త్రం దారి శాస్త్రానిది, జనం దారి జనానిది.

యాజకులకూ ఇవే నియమాలా?
కావు. శవాన్ని తాకితే మైల కాబట్టి, మామూలు యాజకుడు తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, సోదరుడు, పెళ్లికాని తోబుట్టువు శవాలను మాత్రమే ముట్టుకోవచ్చు. ప్రధాన యాజకుడికి కన్నవాళ్ల శవం దగ్గరికి వెళ్లే వీలు కూడా లేదు.

ఎన్నాళ్లు?
మామూలుగా 7 రోజులు. అహరోనుకు, మోషేకు 30. యుద్ధంలో చెరపట్టిన స్త్రీని పెళ్లాడదలచినవాడు, ఆమె తన తల్లిదండ్రుల కోసం నెల రోజులు ఏడ్చేదాకా ఆగాలి. దీన్ని దయ అనాలో, గడువు అనాలో!

కూలికి ఏడ్చేవాళ్లు ఉండేవారా?
ఉండేవారు. అదొక విద్య. కూతుళ్లకు రోదనం నేర్పమని యిర్మీయా ఆడవాళ్లకు చెబుతాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ సంకలనం మిష్నాలో రబ్బీ యూదా మాట ఇంకా సూటిగా ఉంటుంది: ఎంత నిరుపేద అయినా భార్య చనిపోతే కనీసం ఇద్దరు పిల్లనగ్రోవి వాయించేవాళ్లను, ఒక ఏడ్చే మనిషిని పెట్టాలి. అంటే అది భర్త దయ కాదు, భార్యకు రావాల్సిన బాకీ. మత్తయి సువార్తలో కూతుర్ని పోగొట్టుకున్న అధికారి ఇంట యేసుకు ఎదురైంది ఆ పిల్లనగ్రోవులవాళ్లే. పాప నిద్రపోతోందని ఆయన అనగానే, అంతవరకు గోల పెడుతున్న గుంపు ఎగతాళిగా నవ్వింది.