రోటోలో చేరుతున్న తమ్ముడికి

మాదాపూర్

చిరంజీవి శ్రీకాంత్‌కు,

వీఎఫ్ఎక్స్ స్టూడియోలో రోటో ఆర్టిస్టుగా ఉద్యోగం వచ్చిందని విని చాలా సంతోషించాను. హైటెక్ సిటీకి వెళ్లి సాఫ్ట్‌వేర్ కాకుండా ఈ సినిమా పనేమిటని అమ్మ బెంగపడుతోందట. ఆ బెంగ తీర్చాల్సింది నువ్వే. అందుకే ఈ పని లోతుపాతులు రాస్తున్నాను.

ఐదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. ప్రతి ఫ్రేములోనూ నటుడి అంచు సరిచూస్తూ మ్యాట్, అంటే అతణ్ని నేపథ్యం నుంచి వేరుచేసే ముసుగు, తీయాలి. అందులో చాలా భాగం ఇప్పుడు ఏఐ నిమిషాల్లో చేసేస్తోంది. కాబట్టి అంచు గీయడం దగ్గరే ఆగిపోకు. వెలుగు ఎటునుంచి పడుతోంది, గాలికి రేగిన జుట్టు ఎక్కడ తెగితే అబద్ధమనిపిస్తుంది, నీ మ్యాట్‌తో దృశ్యాన్ని కూర్చే కంపోజిటింగ్ వాళ్లు ఏం చేస్తారు, ఇవన్నీ అడిగి తెలుసుకో. షాట్ మొత్తం అర్థమైనవాడికి పనిముట్టు మారినా పని ఉంటుంది.

రిథమ్ అండ్ హ్యూస్ పేరు గుర్తుపెట్టుకో. లాస్ ఏంజెలెస్ కంపెనీ, మన హైదరాబాద్‌లోనూ స్టూడియో నడిపింది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించినందుకు 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ అందుకుంది. అదే నెలలో, అవార్డుకు ముందే, దివాలా పిటిషన్ వేసింది. పనితనం తక్కువై కాదు. ఈ రంగంలో షాట్‌కు రేటు ముందే ఖాయమవుతుంది. తర్వాత నిర్మాతలు ఎన్ని మార్పులు అడిగినా భారం స్టూడియో మీదే పడుతుంది. అది చివరికి ఆర్టిస్టుల నైట్‌ అవుట్‌లలో తేలుతుంది. మన ఊరికి విదేశీ పని వచ్చేది ఎక్కువగా ఇక్కడ ఖర్చు తక్కువని. ఇంకోచోట అంతకన్నా తక్కువకు దొరికితే వెళ్లిపోతుంది. అందుకే చేరేముందే ఓవర్‌టైమ్ లెక్క, తెర మీద పేరు వేసే సంగతి స్పష్టంగా అడుగు. అడగడం తప్పు కాదు.

మనకు నిలిచే బలం మన కథల్లో ఉంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని 1957లోనే ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లే కెమెరా లడ్డూలను ఘటోత్కచుడి నోట్లోకి ఎగరేసింది. 2012 నాటి ‘ఈగ’కు మకుట సంస్థ జాతీయ అవార్డు తెచ్చుకుంది. మాట రాని ఈగ పగ పట్టిందంటే జనం నమ్మారు. కోపమొస్తే ఒళ్లు ఎలా కదులుతుందో ఎవరో ఓపిగ్గా గమనించారు కాబట్టే ఆ నమ్మకం కుదిరింది. ‘హనుమాన్’ దాకా మన సినిమాలు నిలబెట్టుకుంటూ వచ్చింది ఆ నమ్మకాన్నే.

నువ్వు కూడా సెలవు రోజున ఫోన్‌తోనే ఒక నిమిషం సినిమా తీయి. స్టూడియో షాట్లు అనుమతి లేకుండా నీ షోరీల్‌లో పెట్టలేవు, ఇది మాత్రం పూర్తిగా నీది. నాకు పంపు, తప్పులు దాచకుండా చెబుతాను. కళ్లు, వెన్ను జాగ్రత్త. గంటకోసారి లేచి నడు.

ఇట్లు,
నీ అక్క