రివర్స్ ఏటీఎం: నోట్లు వేస్తే కార్డు ఇచ్చే మెషిన్ మన షాపులకి నిజంగా పనికొస్తుందా?

ఏటీఎంలో కార్డు పెడితే క్యాష్ వస్తుంది. దాన్ని తిరగేసి ఆలోచించండి: నోట్లు పెడితే కార్డు బయటకి వస్తుంది. అదే క్యాష్-టు-కార్డ్ కియోస్క్. అమెరికాలో రివర్స్ ఏటీఎం అంటారు. అట్లాంటాలోని మెర్సిడెస్-బెంజ్ స్టేడియం 2019 మార్చిలో పూర్తిగా క్యాష్‌లెస్ అయింది. జేబులో డాలర్ నోట్లు మాత్రమే ఉన్నవాళ్ళ కోసం లోపల ఈ మెషిన్లు పెట్టారు. నోట్లు వేసి ప్రీపెయిడ్ కార్డు తీసుకోవాలి, దాంతోనే స్నాక్స్ కొనుక్కోవాలి.

"యూపీఐ ఉండగా మనకి ఇదెందుకు బ్రో?" అని మీరు అనుకుంటున్నారు కదా. అదే ప్రశ్న నేను మా ఊరి లెక్కలో చూశాను. మాది వికారాబాద్ జిల్లా ధారూర్. వికారాబాద్ నుంచి తాండూరు వెళ్ళే రైలు లైన్ మీద ఉంటుంది. ప్రతి నవంబర్‌లో ఇక్కడ మెథడిస్ట్ క్రైస్తవ జాతర జరుగుతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచే కాదు, కర్ణాటక నుంచి కూడా జనం వచ్చి రోజుల తరబడి అక్కడే ఉంటారు. టీ కొట్లు, బొమ్మల షాపులు, మిఠాయి బండ్లు. మామూలు రోజుల్లో బాగానే పనిచేసే సౌండ్ బాక్స్, అంత జనం ఒకే టవర్ మీద పడితే పేమెంట్ వచ్చిందని ఎప్పుడు చెప్తుందో గ్యారంటీ లేదు. చివరికి మళ్ళీ నోట్లే, మళ్ళీ చిల్లర తలనొప్పే.

ముందు మెషిన్ లోపల ఏం ఉంటుందో చూద్దాం. ముఖ్యమైన పార్ట్ బిల్ వ్యాలిడేటర్. నోటు లోపలికి వెళ్ళగానే ఇన్‌ఫ్రారెడ్, అల్ట్రావయొలెట్ లాంటి సెన్సర్లు దాని సైజు, ఇంకు, సెక్యూరిటీ గుర్తులు చదువుతాయి. అసలుదని తేలితే నోటు నేరుగా పెట్టెలోకి పడదు, ముందు ఎస్క్రో అనే చోట ఆగుతుంది. సర్వర్ ఓకే అన్నాకే పెట్టెలోకి వెళ్తుంది, లేదంటే వెనక్కి వస్తుంది. మన కోడ్‌లో డేటాబేస్ కమిట్, రోల్‌బ్యాక్ ఉంటాయే, అచ్చం అదే, కాకపోతే కాగితంతో. నోటు డిజైన్ మారితే వ్యాలిడేటర్ సాఫ్ట్‌వేర్ కూడా మారాలి. 2016 నవంబర్‌లో కొత్త నోట్ల కోసం దేశం మొత్తం ఏటీఎంలను రీక్యాలిబ్రేట్ చేయడం గుర్తుందిగా. ఇంకో చిన్న సంగతి: సంతలో తిరిగి నలిగి, చెమటకి తడిసిన పది రూపాయల నోటుని ఈ మెషిన్ ఇష్టపడదు. మా దగ్గర ఎక్కువగా తిరిగేవి అవే.

వ్యాపారికి లాభం ఎక్కడ? చిల్లర వెతుక్కునే పని పోతుంది, రాత్రి గల్లా లెక్కపెట్టే పని పోతుంది, కుర్రాడు కౌంటర్‌లోంచి వంద తీశాడేమో అన్న అనుమానం పోతుంది. పన్నులో కూడా ఒక పాయింట్ ఉంది. ప్రిజంప్టివ్ స్కీమ్‌లో చిన్న వ్యాపారి లాభాన్ని క్యాష్ అమ్మకాల మీద 8 శాతంగా, డిజిటల్‌గా వచ్చిన వాటి మీద 6 శాతంగా లెక్కిస్తారు. ఏడాదికి 30 లక్షల అమ్మకాలు ఉంటే ఒకచోట 2.4 లక్షలు, ఇంకోచోట 1.8 లక్షలు. ఆ ఆదాయానికి ఎలాగూ పన్ను పడకపోతే ఈ తేడా కాగితం మీదే ఉంటుంది, అది వేరే సంగతి.

కానీ బ్రోచర్లలో చెప్పని విషయం ఒకటుంది. క్యాష్ మాయమవ్వదు. ఇరవై గల్లాల్లో ఉండాల్సింది ఒక్క ఇనుప పెట్టెలోకి చేరుతుంది. దాన్ని ఎవరో తీసి బ్యాంకులో వేయాలి, అప్పటిదాకా కాపలా కాయాలి. పైగా 2020 జనవరి నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి వ్యాపారి మీద ఎండీఆర్ చార్జీ లేదు. ఆ వెసులుబాటు ప్రీపెయిడ్ కార్డుకి లేదు. అంటే కార్డు గీకిన ప్రతిసారీ వ్యాపారి కొంత వదులుకోవాలి.

రూల్స్ కూడా చూడాలి. ఒక షాపు తన సొంత సరుకులకే పనికొచ్చే కార్డు ఇస్తే అది క్లోజ్డ్ సిస్టమ్, దానికి ఆర్‌బీఐ అనుమతి అక్కర్లేదు. జాతరలో ఇరవై మంది వేర్వేరు ఓనర్ల దగ్గర చెల్లే కార్డు అంటే మాత్రం కథ మారిపోతుంది. దాన్ని బ్యాంకో, ఆర్‌బీఐ అనుమతి ఉన్న సంస్థో ఇవ్వాలి. కనీస కేవైసీ ప్రీపెయిడ్‌కి కూడా ఓటీపీతో మొబైల్ నంబర్ వెరిఫై చేయాలి, పేరు, గుర్తింపు కార్డు నంబర్ చెప్పాలి. అందులో బ్యాలెన్స్ 10,000 రూపాయలు దాటకూడదు.

ఇప్పుడు లైన్ లెక్క వేద్దాం. ఓటీపీతో కలిపి ఒక్కొక్కరికి 60 సెకన్లు అనుకోండి. గంటకి 60 మంది, పది గంటలకి 600. రోజుకి 3,000 మంది క్యాష్‌తో వస్తే ఐదు మెషిన్లు ఒక్క నిమిషం ఆగకుండా పనిచేయాలి. అందరూ సాయంత్రమే వస్తారు కాబట్టి ఐదు కూడా చాలవు. ఓటీపీ రావాల్సింది కూడా ఆ జామ్ అయిన టవర్ నుంచే!

నాకు ఇందులో అసలు ముఖ్యమైన పాయింట్ మా నానమ్మ లాంటి వాళ్ళు. పెన్షన్ 2,016 రూపాయలు పోస్టాఫీసులో వేలిముద్ర వేసి నోట్లుగానే తీసుకుంటుంది. ఫోన్ ఉంది, కానీ బటన్ల ఫోన్. షాపు ముందు "నో క్యాష్" బోర్డు పెడితే "నా పైసలు చెల్లవా బిడ్డా?" అని అడుగుతుంది. సరైన ప్రశ్నే. న్యూయార్క్ సిటీ ఇదే ప్రశ్న మీద చట్టం చేసింది. 2020 నవంబర్ నుంచి అక్కడ షాపులు, హోటళ్ళు క్యాష్ వద్దనకూడదు. ఒకవేళ వద్దంటే, లోపలే రివర్స్ ఏటీఎం ఉండాలి, దానికి ఫీజు తీసుకోకూడదు. ఆ ఫీజు రూల్ లేకపోతే ఏమవుతుందో ఊహించండి: పేదవాళ్ళు తమ డబ్బు తాము ఖర్చుపెట్టుకోవడానికి కూడా డబ్బు కట్టాలి.

అందుకే నా లెక్కలో ఈ మెషిన్ బాగా కుదిరేది గేటు, ఓనర్ ఒక్కరే ఉన్న చోట: వాటర్ పార్కు, కాలేజీ క్యాంటీన్, గేమింగ్ జోన్. హైదరాబాద్ మెట్రో కార్డు కూడా ఇదే ఐడియా కదా, క్యాష్ ఇచ్చి రీఛార్జ్ చేసుకుంటాం, ట్యాప్ చేసి వెళ్తాం. ధారూర్ మెయిన్ రోడ్డు మీద కిరాణా షాపుకి మాత్రం క్యూఆర్ కోడ్, పక్కన ఒక గల్లా చాలు. జాతరకైతే కార్డుల కంటే, బయోమెట్రిక్ మెషిన్‌తో తిరిగే బ్యాంక్ మిత్రలు ఇద్దరు ముగ్గురు, ఒక తాత్కాలిక టవర్ వ్యాన్ ఎక్కువ పని చేస్తాయి.

మీ నాన్నో, మామయ్యో ఇలాంటి కియోస్క్ పెడదామంటే, అమ్మే కంపెనీ వాళ్ళని మూడు అడగమనండి. నోటు ఎస్క్రోలో ఉండగా కరెంట్ పోతే ఆ డబ్బు ఎవరిది? కార్డులో మిగిలిన 7 రూపాయలు కస్టమర్‌కి ఎలా తిరిగి వస్తాయి? ఇంకా కార్డు ఫీజు ఎవరి జేబులోంచి పోతుంది? మూడోదానికి "కస్టమర్" అని జవాబిస్తే, డెమో చూడకుండానే లేచి వచ్చేయొచ్చు.