గాలి ఎక్కడ పోతోంది?

చిరంజీవి అల్లుడికి,

బాగుచెయ్యమని నీ దగ్గరికొచ్చిన బండి, రాత్రి గాలి కొట్టినా తెల్లారేసరికి మెత్తబడుతోందనీ, కొత్త ట్యూబు వేసినా అంతేననీ ఫోనులో వాపోయావు. మాటల్లో చెబితే నిలవదని రాస్తున్నాను. ట్యూబు ఎవడైనా మారుస్తాడు. కారణం పట్టుకున్నవాడే పనివాడు.

వెంటనే చక్రం విప్పకు. టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి ఎన్ని పాయింట్లుందో చూసి, సుద్దముక్కతో టైరు మీదే రాసిపెట్టు. ఎండలో తిరిగొచ్చిన టైరు ఎక్కువ చూపిస్తుంది. ఐదారు డిగ్రీల వేడికి ఒక పాయింటు మారుతుంది. నెలకి ఒకటి రెండు తగ్గడం రబ్బరు నైజం. రాత్రికి రాత్రే ఐదు తగ్గితే వెతకాలి.

మొదట వాల్వు మూతి మీద సబ్బునీళ్ల చుక్క వెయ్యి. బుడగ లేస్తే పిన్ను వదులైనట్టు, లేదా ఇసుక పడినట్టు. ఇసుక లారీల వెనకే గోదారి బ్యారేజీ దాటి వచ్చే బళ్లకి వాల్వు మూత లేకపోతే ఇది మామూలే. 1890ల్లో అమెరికాలో ష్రేడర్ తెచ్చిన ఈ వాల్వు బైకుకీ కారుకీ ఒకటే, కాబట్టి పిన్నులు ఎప్పుడూ దగ్గరుంచుకో.

వాల్వు మొదట్లోనో స్పోకుల దగ్గరో బుడగలొస్తే మాత్రం తొందరపడకు. గోదారి గట్టుకి బుంగ పడితే నీళ్లు దూరేది ఒకచోట, తేలేది ఇంకోచోట. ట్యూబు టైర్లో గాలీ అంతే. చిల్లు ఎక్కడున్నా బయటపడేది ఆ కన్నాల్లోంచే.

ట్యూబు తీసేముందు వాల్వుకి ఎదురుగా టైరు మీద గీత పెట్టు. తొట్టిలో ముంచితే చిల్లు వాల్వుకి ఎంత దూరమో తెలుస్తుంది. గీతకి అటో ఇటో అంతే దూరంలో టైరుని చూడు. కాలవగట్ల మీద తిరిగే బళ్లకి తుమ్మముల్లు మొన విరిగి లోపలే ఉండిపోతుంది, కొత్త ట్యూబుని కూడా పొడుస్తుంది. వేళ్లు పెట్టకు, దూదితో తుడువు. దూది పీచు తగులుకున్న చోటే ముల్లు.

చిల్లు రిమ్ము వైపుంటే స్పోకు మొన పొడుచుకొచ్చింది, లేదా రిమ్ము టేపు జరిగింది. పక్కపక్కనే రెండు చీలికలుంటే, గాలి తక్కువతో గోతిలో దింపినప్పుడు రిమ్ము కరిచింది. ట్యూబ్‌లెస్ అయితే టైరు అంచు రిమ్ముకి ఆనేచోట చుట్టూ నురగ పూయి. తుప్పో మట్టో ఉంటే గీరి, తుడిచి ఎక్కించు.

డబ్బు తీసుకునే ముందు ఆ ముల్లో, ఆ పిన్నో బండాయనకి చూపించు. చూపించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే పని ఇంకా అవలేదన్నమాట.

నీ మావయ్య