సంచుల కాపలా చాలించి కొండెక్కవే చెల్లీ!

చెల్లీ, నువ్వు పంపిన సాపుతారా ఫొటోలన్నీ చూశాను. పిల్లలు రోప్‌వేలో ఉన్నారు, మరిదిగారు సరస్సులో పడవ మీద ఉన్నారు, మీ అత్తగారు కూడా సూర్యాస్తమయం చూస్తూ నిలబడ్డారు. నువ్వు మాత్రం ఒక్కదాంట్లోనూ లేవు. తీసింది నువ్వేమో అనుకున్నాను. కాదట! చెట్టు కింద సంచులు చూసుకుంటూ కూర్చున్నావట.

నిన్నేమీ ఆడిపోసుకోవడం లేదే. సూరత్ చుట్టుపక్కల మన తెలుగిళ్లన్నింట్లోనూ ఇదే తంతు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికొచ్చి లింబాయత్‌లోనో ఉధనాలోనో స్థిరపడ్డ కుటుంబాలకు సెలవు దొరకడమే అపురూపం. దొరికిన నాలుగు రోజులూ పెళ్లిళ్లకూ మొక్కులకూ సరిపోతాయి. ఎప్పుడో ఒకసారి కొండలకు బయల్దేరితే వంటిల్లంతా వెంట కదులుతుంది. పులిహోర ఎవరు కలిపితే ఆ డబ్బా కాపలా కూడా వాళ్లదే! ఆ ఉద్యోగానికి నేను రాజీనామా ఇచ్చి చాలాకాలమైంది. సంచుల్ని ఇంతవరకూ ఎవరూ ఎత్తుకుపోలేదు.

మన కిమ్ ఊళ్లో ఉంటే కొండనేదే కంటికి ఆనదు. ఎటు చూసినా చెరకు తోటలు, హైవే, రైలు పట్టాలు. కానీ పొద్దున్నే బయల్దేరి సూరత్ దాటి తూర్పుకు తిరిగితే భోజనాల వేళకు డాంగ్ జిల్లా అడవుల్లో ఉంటాం. సహ్యాద్రి కొండలు, టేకు చెట్లు, వెదురు పొదలు. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లా మొత్తానికి ఉన్నది 2.28 లక్షల మంది. గుజరాత్‌లో ఇంతకన్నా తక్కువ జనమున్న జిల్లా అప్పటికి లేదు. వాళ్లలో ఎక్కువమంది భిల్లులు, కుకణాలు, వార్లీలు. తినడానికి నాగలీ రొట్టె, మినప్పప్పు, వెదురు కొమ్ముల పచ్చడి పెడతారు. నాగలీ అంటే మన తైదలే. కాబట్టి ఈసారి డబ్బాలు మోసే పనే లేదు.

ఇక నీకు భయమన్న పారాగ్లైడింగ్ సంగతి. ఆ కొండల మీది సాపుతారా ఎత్తు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడినుంచి నువ్వొక్కదానివే ఎగరవు, వెనకాల పైలట్ ఉంటాడు. ఇది వానలు వెనకపట్టాక, గాలి నిలకడగా ఉన్న రోజుల్లో చేసే పని. ఛాతీకీ, రెండు తొడలకూ పట్టీలు బిగిస్తారు. తొడల పట్టీలు సరిగ్గా పడ్డాయో లేదో నీ చేత్తో నువ్వే తడిమి చూసుకో. గాల్లో మనిషి జారిపోకుండా పట్టుకునేవి అవే. అక్కడ మొహమాటం పనికిరాదు. ఆ తర్వాత వాలు మీద పరుగెత్తాలి. రెక్కలో గాలి నిండి భుజాలు పైకి లాగగానే చాలామంది భయంతో కూలబడతారు. నువ్వు మాత్రం కూర్చోకు. కాళ్ల కింద నేల తప్పిపోయినా పరుగు ఆపకు. పైలట్ చెప్పాకే వెనక్కి జరిగి కూర్చో. దిగేటప్పుడూ అంతే, కాళ్లు ఎత్తమంటే ఎత్తడం, నిలబడమంటే నిలబడడం.

చీర, చున్నీ ఇంట్లో పెట్టు. ప్యాంటూ బూట్లూ వేసుకో. పైలట్‌కు శిక్షణ పత్రం ఉందా, హెల్మెట్ ఇస్తారా, అదనపు పారాచూట్ ఉందా అని డబ్బు కట్టకముందే అడుగు. గాలి బాగాలేదని ఆపేస్తే గొడవపెట్టుకోకు. అలా ఆపేవాడే నమ్మదగ్గ పైలట్. కడుపుతో ఉన్నా, నడుముకు ఆపరేషన్ అయినా, బీపీ అదుపులో లేకపోయినా ఈ సరదా వద్దు.

ఎగరడం ఇష్టం లేదా, నడువు. అదే జిల్లాలోని ఆహ్వా నుంచి మహారాష్ట్ర సరిహద్దు వైపు వెళితే డోన్ అనే ఊరుంది. సాపుతారా అంత హడావుడి ఉండదు, ఎక్కినంత గట్టు ఎక్కొచ్చు. పూర్ణా నది ఒడ్డున మహాల్ దగ్గర అటవీశాఖ విడిది ఉంది. ముందే మాట్లాడుకుని వెళ్లి, ఊరివాళ్లనొకరిని దారి చూపడానికి తోడు తీసుకుంటే అడవిలో నడక హాయిగా సాగుతుంది. వానాకాలంలో వాఘయి దగ్గర గిరా జలపాతం చూడాల్సిందే, అయితే దూరం నుంచి. నాచుపట్టిన బండ మీద సెల్ఫీ కోసం అడుగేస్తే జారడానికి క్షణం పట్టదు. పైన ఎక్కడో వాన పడితే మన కళ్లముందే నీళ్లు పెరుగుతాయి. నీళ్ల రంగు మారి ఎర్రబడిందంటే ఇంకేం ఆలోచించకుండా ఒడ్డెక్కెయ్యి.

మగవాళ్ల ముందు అడగలేక నువ్వు మింగేసే ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను. దారిలో మరుగుదొడ్లుండవని మనం పొద్దుటినుంచీ నీళ్లు తాగడం మానేస్తాం. గట్టు మీద కళ్లు తిరగడానికి సగం కారణం అదే. నీళ్లు తాగు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి వెళితే ఒకరికొకరు కాపలా కాసుకోవచ్చు. నెలసరి సమయమైతే సరంజామా చిన్న సంచిలో పెట్టుకో, వాడినవి అడవిలో పారేయకుండా వెనక్కి తెచ్చుకో. మోకాళ్ల నొప్పి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువగా బయటపడుతుంది. చేతికర్ర పట్టుకుని చిన్న అడుగులతో దిగు. ముందు నెల రోజులపాటు ఇంటి మెట్లే ఎక్కి దిగుతూ ఉండు.

ఇదంతా మనలాంటివాళ్లకెందుకంటావా? నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ సంగతి నీకు తెలుసు. కూలీ పనులు చేసుకునే ఇంటి పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. భువనగిరి కోట బండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది. డార్జిలింగ్, లద్దాఖ్‌లలో తర్ఫీదయ్యాక 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికామె వయసు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఖమ్మం వైపు నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు శిఖరం చేరాడు. ఆ పిల్లను ఎవరూ నువ్వు కింద ఉండి సామాన్లు చూసుకో అనలేదు. ఒకసారి ఎక్కనిచ్చారు, అంతే!

మీ పాపకూ ఆ అవకాశం ఉంది. మౌంట్ ఆబూలో గుజరాత్ ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ ఉంది, బండలెక్కడం అక్కడ పద్ధతిగా నేర్పుతారు. జునాగఢ్‌లో ఏటా గిరనార్ ఎక్కి దిగే పోటీ పెడతారు. మగపిల్లలు అంబాజీ గుడిదాకా 5,500 మెట్లు, ఆడపిల్లలు మాలీ పరబ్ దాకా 2,200 మెట్లు. మెట్ల లెక్కలో ఈ తేడా ఎందుకని మీ పాప అడిగితే నోరు మూయించకు. ఆ ప్రశ్న అడగాల్సిందే.

అయితే ముందు నువ్వు ఎక్కాలి. అమ్మ ఎక్కడం చూసిన పిల్లకు వేరే పాఠం చెప్పక్కర్లేదు. వానలు తగ్గాక ఒక శని, ఆదివారాలు చూసుకుందాం. బూట్లు మాత్రం ఇప్పుడే కొనేసి కాళ్లకు అలవాటయ్యేలా తొడుగు. ఆ రెండు రోజులూ ఇంట్లో వంట ఎవరు చేస్తారంటావా? మరిదిగారికీ చేతులున్నాయి కదే!