ప్రమాద కథనాన్ని చివర్నుంచి చదవండి

వారాంతం వస్తే చాలు, సబ్బవరం కుర్రాళ్ళు చోడవరం మీదుగా పాడేరు ఘాట్ ఎక్కి, తెల్లారేసరికి వనజంగి కొండ మీద మేఘాలు చూస్తున్నారు. వెళ్ళాల్సిందే. ఈ వయసులో కొండెక్కకపోతే ఇంకెప్పుడు ఎక్కుతారు? అయితే బ్యాగు సర్దుకునే ముందు ఒక పని చేయండి. కొండల్లో జరిగిన ప్రమాదాల గురించి, చిక్కుకున్నవాళ్ళని కాపాడిన తీరు గురించి చదవండి. మనిషి నిర్ణయం ఎక్కడ తప్పుతుందో ఇంత స్పష్టంగా చూపించే పాఠాలు అరుదు.

వెనక్కి తిరగాల్సిన చోటు వెతకండి

చాలామంది కాలు జారిన క్షణం గురించి చదివి, అయ్యో అనుకుని వదిలేస్తారు. అక్కడి నుంచి వెనక్కి రండి. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్ట్‌పై తుపానులో చిక్కుకుని 8 మంది చనిపోయారు. వాళ్ళలో రాబ్ హాల్ అనుభవమున్న గైడ్. మధ్యాహ్నం 2 గంటలు దాటితే శిఖరం చేరకపోయినా దిగిపోవాలన్నది ఆయన తన బృందానికి చెప్పిన మాటే. అంతకు ముందు ఏడాది శిఖరానికి దగ్గరగా వచ్చిన డగ్ హాన్సెన్‌ని ఆయనే వెనక్కి తిప్పాడు. ఈసారి అతని కోసం గడువు దాటాక కూడా ఆగాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.

గమనించండి, అక్కడ నియమాన్ని దాటించింది తోటి మనిషి మీద అభిమానం. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మాట మన నోట వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తు రావాలి. నష్టం వస్తున్న వ్యాపారంలో మళ్ళీ అప్పు తెచ్చి పెట్టేటప్పుడూ మనం అనేది ఆ మాటే.

చెప్పి వెళ్ళండి

2003లో ఆరన్ రాల్‌స్టన్ అమెరికాలోని యూటాలో ఒక ఇరుకు లోయలోకి ఒంటరిగా వెళ్ళాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. బండరాయి కింద కుడిచెయ్యి ఇరుక్కుంది. ఐదు రోజులు దాటినా ఎవరూ రాలేదు. చివరికి తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు.

2022 ఫిబ్రవరిలో కేరళలోని మలంపుళ దగ్గర ఒక యువకుడు కొండ చీలికలో చిక్కుకున్నాడు. హెలికాప్టర్ వచ్చినా దగ్గరికి చేరలేకపోయింది. రెండు రాత్రులు గడిచాక సైనికులు పైనుంచి తాళ్ళతో దిగి, ముందు నీళ్ళు తాగించి, తర్వాత పైకి లాగారు. అతను ఎక్కడున్నాడో తోటివాళ్ళకి తెలుసు. అందుకే సాయం అక్కడికి చేరింది.

తీర్పు చెప్పకండి

విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్న మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యంత ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటి వాడు 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో ఒక శిఖరం వైపు ఒంటరిగా బయల్దేరి, ప్రతికూల వాతావరణంలో ప్రాణాలు కోల్పోయాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన దేహం దొరికింది. ఇది చదివి ‘వెళ్ళకుండా ఉండాల్సింది’ అనడం తేలిక. అలా అన్న మరుక్షణం మనం నేర్చుకోవడం ఆగిపోతుంది. ఎంత అనుభవమున్నా వాతావరణం మన మాట వినదు. ఆ సంగతి ఆకాశం నల్లబడక ముందే తలకెక్కాలి.

ఈ వారమే మొదలుపెట్టండి

ఒక ప్రమాద కథనం చదివి మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. వెనక్కి తిరగడానికి చివరి అవకాశం ఎక్కడ వచ్చింది? దాన్ని ఎందుకు వదులుకున్నారు? ఆ చోట నేనుంటే నన్ను ఏది ముందుకు తోసేది? మూడో జవాబు నిజాయితీగా రాయండి. మీ బలహీనత అందులోనే బయటపడుతుంది.

తర్వాత కొండకి బయల్దేరేటప్పుడు, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో అమ్మకో అన్నకో చెప్పండి. ఎన్నింటికి దిగడం మొదలుపెట్టాలో జట్టంతా ముందే ఒప్పుకోండి. ఆ వేళకి పైన ఎంత అందంగా ఉన్నా దిగిపోండి. ‘ఇక దిగుదాం’ అన్న మొదటి మనిషిని పిరికివాడనకండి. వచ్చే వారం ఆ మాట అనే ధైర్యం మీకే కావాల్సి రావచ్చు.