వరద నష్టమును మనమే కొలిచి వ్రాసికొనవలెను
(మగ్గపు ఇండ్లకొక పాఠము)

వరద తీసిన మరునాడు మన వీధులలో మొదట జరుగు పని బురద కడుగుట. గోడలు కడుగుదుము, గుంటలోని నీరు తోడుదుము, కుళ్ళిన పడుగు కోసి బయట వేయుదుము. వారము తిరుగునప్పటికి నీరు ఎంత ఎత్తు వచ్చినదో తెలుపు గుర్తులన్నియు చెరిగిపోవును. ఏడాదికో రెండేండ్లకో గట్టు ఎక్కడ కట్టవలెనో చూచుటకు ఇంజనీర్లు వచ్చి అడిగిన, "మోకాలు దాటి వచ్చిందండీ" అని మాత్రము చెప్పగలుగుదుము. మోకాలు కొలత కాదు. ఏ ఇంటిలో? ఎన్ని దినములు? ఎంత సరుకు పోయినది? వీనికి కాగితముపై జవాబు లేనిచో మన వీధి కష్టము పథకపు లెక్కలోనికి ఎక్కదు. ఆ జవాబు సిద్ధము చేసికొను విధమే ఈ పాఠము.

సహాయపు జాబితా వేరు, నష్టపు లెక్క వేరు

వరద పిమ్మట అధికారులు వ్రాసికొను జాబితా సహాయము పంచుటకు. విపత్తు సహాయ నిధి నిబంధనలలో చేనేతవారి పనిముట్లకు, ముడిసరుకుకు సహాయము ఉన్నమాట నిజమే. కాని అది మనిషికింత అని కట్టిన మొత్తము. వేయి రూపాయలు పోయినవానికిని, లక్ష పోయినవానికిని జాబితాలో ఒకే అంకె పడవచ్చును. ఆ అంకెను చూచి మన నష్టమంతే అనుకొనుట పొరపాటు.

దేశములో వరద నష్టముల అంకెలను కేంద్ర జల సంఘము 1953 మొదలుకొని క్రోడీకరించుచున్నది. అందులోని పద్దులు ఇవి: మునిగిన భూమి, బాధితులైన జనము, పంట, ఇండ్లు, పశువులు, ప్రాణనష్టము, రోడ్లు మొదలైన ప్రజోపయోగ కట్టడములు. మగ్గమునకు అందులో ప్రత్యేకముగా గడి లేదు. ఇల్లు కూలిన లెక్కకు వచ్చును. ఇల్లు నిలిచి మగ్గము చెడిన ఆ నష్టము ఎవరి కంటను పడదు.

గుంట మగ్గము సంగతి

ఇతరుల ఇండ్లలో జానెడు నీరు వచ్చిన చాపలు, సామానులు మంచము మీదికెత్తి ఊరకుందురు. మన ఇంటిలో జానెడు నీరు వచ్చెనా, గుంట నిండిపోవును. ఒకొక్కప్పుడు గడప దాటి నీరు రాకున్నను, నేలలోనుండి ఊరి గుంట నిండును. తొక్కుడు కర్రలు నాని ఉబ్బును. మూరెడు నీరు వచ్చిన, గంజి పెట్టిన పడుగునకు బూజు పట్టును, ఇనుప పన్నె తుప్పు పట్టును, జరీ నలుపెక్కును. నీరు తీసిన తరువాతను గుంట చెమ్మ ఆరువరకు కూర్చుండి నేయుటకు వీలులేదు. మగ్గము ఆగినప్పుడు కండెలు చుట్టు ఆడవారికిని, ఆసు పోయువారికిని పని ఆగినట్లే.

కాబట్టి లోతు తక్కువైనను మన నష్టము ఎక్కువ. దీనిని కొలిచి చూపవలసినవారము మనమే.

ఏమేమి వ్రాయవలెను

మొదటిది, గోడమీది గీత. బురద గీత ఆరకముందే మేకుతో గాని రంగుతో గాని దానిపై గుర్తు పెట్టి, పక్కన తేదీ వేయవలెను. వీధివైపు గోడపై అలలు, బండ్ల తాకిడి వలన గీత ఎత్తుగా పడును. ఇంటి లోపలి గోడ నమ్మదగినది. ఇంటి నేలనుండి గీత వరకు ఎన్ని అంగుళములో కొలువుడు. ఇండ్ల నేలలు హెచ్చుతగ్గులుగా ఉండును గనుక, తాపీమేస్త్రీ వాడు నీళ్ళ గొట్టముతో ఆ గీతను వీధిలోని ఒక స్థిరమైన గుర్తునకు, అనగా వంతెన గోడకో బడి మెట్టుకో, కలిపి చూచుకొనవలెను. వీధికి అయిదారు ఇండ్లలో గీతలు సరిపోలిన, ఆ అంకెను ఎవరును కాదనలేరు.

రెండవది, కాలము. నీరు ఏ దినము ఏ గంటకు వచ్చినది, ఎన్నడు తీసినది, మగ్గము తిరిగి ఎన్నడు ఆడినది.

మూడవది, దారి. నీరు ఏటి గట్టు పొర్లి వచ్చినదా, మురుగు కాలువ ఎదురుతన్ని వచ్చినదా, వాననీరే నిలిచినదా? ఇది మిక్కిలి ముఖ్యము. కాలువ ఎదురుతన్నిన చోట ఏటి గట్టు పెంచిన ప్రయోజనము లేదు. తూమునకు తలుపు కావలెను. గట్టు ఉండి తూము సరిగా లేకున్న వాననీరు బయటికి పోక లోపలనే నిలుచును.

నాలుగవది, నష్టము. మగ్గము మరమ్మతు, పడుగు, నూలు లేక పట్టు, నేసిన బట్ట, పోయిన పని దినములు: అయిదును వేరువేరుగా వ్రాయవలెను.

ఐదవది, ఏటి మట్టము. గౌతమీ పాయ ఒడ్డునున్న యానాం వారికి ధవళేశ్వరము ఆనకట్ట అంకెలే ఆధారము. అచట మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండవది 13 లక్షలకు, మూడవది 17 లక్షలకు ఇత్తురు. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు, 2022 జులైలో 25 లక్షల పైచిలుకు పోయినది. ఏ అంకెకు మీ గడపకు నీరు చేరినదో, ఏ అంకెకు గుంట నిండినదో వ్రాసిన, మీ నష్టమునకును ఏటికిని ముడి పడినట్లగును.

లెక్క ఎట్లు వేయుదురు

ఇంజనీర్లు "పదేండ్ల వరద", "యాభై ఏండ్ల వరద" అందురు. పదేండ్ల వరద అనగా పదేండ్లకొకసారి గడువు పెట్టుకొని వచ్చునది కాదు. అంతటిదో అంతకు మించినదో ఏ ఏట నైనను వచ్చుటకు పదింట ఒక వంతు అవకాశమని. సాంగ్లీ, కొల్హాపురము జిల్లాలలో 2019 ఆగస్టున పెద్ద వరద వచ్చెను. రెండేండ్లు తిరుగగనే 2021 జులైన మరల వచ్చెను.

ఊహకొక వీధిని తీసికొందము. పదేండ్ల వరదకు నష్టము 6 లక్షలు, యాభై ఏండ్ల వరదకు 24 లక్షలు అనుకొనుడు. రెంటి సగటు 15 లక్షలు. ఈ రెండు వరదల మధ్య అవకాశము నూటికి 10 లోనుండి 2 తీసివేయగా 8. 15 లక్షలలో నూటికి 8 అనగా ఏటికి 1 లక్ష 20 వేలు. యాభై ఏండ్ల వరదను ఆపు గట్టు కట్టినచో ఏటా మిగులు సొమ్ము ఇది. గట్టు ఖర్చును మరమ్మతుతో కూడ ఏటికి పంచగా 1 లక్ష అయిన, లాభము ఖర్చును మించినది. గట్టు తగును.

ఇప్పుడు అదే వీధిలో మగ్గములను, పని దినములను వదలి ఇండ్లు మాత్రమే వ్రాసిరనుకొనుడు. పదేండ్ల వరదకు ఇండ్లు కూలవు గనుక నష్టము 1 లక్షన్నర. యాభై ఏండ్లదానికి 16 లక్షలు. సగటు 8 లక్షల 75 వేలు. అందులో నూటికి 8 అనగా 70 వేలు. లక్ష ఖర్చునకు 70 వేల లాభము! గట్టు తగదు. వీధి అదే, నీరు అదే. వ్రాయని పద్దు వలన గట్టు పోయినది.

రెండు జాగ్రత్తలు

ఎక్కువ వ్రాసిన ఎక్కువ వచ్చునని కొందరు అనుకొందురు. ఒక ఇంటిలో మూడడుగులు, పక్కింటిలో అడుగు అని వ్రాసిన, నీళ్ళ గొట్టము పెట్టి చూచినవాడు వీధి మొత్తము కాగితమును పక్కన పెట్టును. ఒకరి అబద్ధము నలుబది ఇండ్ల నిజమును చెరచును.

రెండవది, ఒకే నష్టమును రెండుమార్లు వ్రాయరాదు. నూలు షావుకారిదైన ఆయన లెక్కలో ఉండవలెను. కూలి పోయినది నేతగాని లెక్కలో ఉండవలెను. బట్ట పూర్తి ధరను ఒకరు వ్రాసినచో, దానిలోని నూలును మరియొకరు వ్రాయకూడదు.

వీధికొక పుస్తకము పెట్టుకొనుడు. చదువుకొన్న పిల్లలచేత వ్రాయించి, వీధి పెద్దలు నలుగురు సంతకము చేసి, ఒక ప్రతి సంఘములో ఉంచి, ఒక ప్రతి అధికారులకు ఇచ్చి రసీదు తీసికొనుడు. ఛాయాచిత్రము తీయునప్పుడు గోడకు కొలబద్ద ఆనించి తీయుడు. పోయిన వరదల గీతలు ఇప్పటికిని గోడలపై మిగిలియున్న ఈ వారమే కొలువుడు. సున్నము వేసిన తరువాత లాభము లేదు. పడుగు పోయునప్పుడు పోగు పోగు లెక్కించు చేతులు మనవి. గోడమీది అంగుళములు లెక్కించుట వానికి కష్టము కాదు.