కంటి శస్త్రచికిత్స పిమ్మట రంగుటద్దములు

జహీరాబాదు ప్రాంతమున శుక్లము తీయించుకొని మరల పొలము పనికి వచ్చుచున్న సభ్యులు అనేకులు గలరు. 2018 ఆగష్టు 15వ తేదీన మెదకు జిల్లా మల్కాపురమున ఆరంభమై, 2023 జనవరిలో ఖమ్మమున రెండవ విడత మొదలైన కంటివెలుగు శిబిరములలో ఉచిత పరీక్షలు జరిపి అద్దములిచ్చిరి. ఇట్టి సహాయముచే చూపు వచ్చును. కాని సంతలో దొరకు రంగుటద్దము సరియైనది కానిచో ఆ చూపు సేద్యమున మోసము చేయును. కావున ఈ పాఠము.

1. శుక్లము తీసిన కన్ను

కంటిలోని కటకము బాల్యమున నిర్మలముగ నుండి, వయసుతో పచ్చబడి, తుదకు మబ్బు పట్టును. అట్టి కటకము నీలపు వెలుతురును చాలవఱకు ఆపివేయును. వైద్యుడు దానిని తీసి కృత్రిమ కటకము నమర్చును. ఈ పద్ధతిని లండనులో హెరాల్డు రిడ్లీ అను వైద్యుడు 1949 నవంబరు 29న ఆరంభించెను. క్రొత్త కటకముగుండ వెలుతురు మిక్కుటముగ లోనికి వచ్చుటచే తెలుపు నీలిఛాయతో దోచును, ఎండ మిఱుమిట్లు గొలుపును. పెక్కుమందికి ఈ బాధ క్రమముగ తగ్గును. వైద్యులిచ్చు నల్లద్దములు ఎండకును, దుమ్మునకును. అవి వైద్యుడు చెప్పినంతకాలము వాడవలయును.

2. వైదృశ్య దృష్టి

తెల్లని గుడ్డపై నల్లనువ్వులు, తెల్లనువ్వులు చల్లి చూడుడు. నల్లనివి వెంటనే కనబడును, తెల్లనివి వెదకవలయును. గింజ పరిమాణ మొక్కటే, భేదమంతయు రంగుల తారతమ్యమున గలదు. ఈ తారతమ్యమును గుర్తించు శక్తియే వైదృశ్య దృష్టి. గోడపటములోని నల్లని అక్షరములు చదివినవాడును మునిమాపు వేళ గట్టు అంచునో, ఎండుటాకులలోని పామునో కానలేకపోవచ్చును. ఈ శక్తిని కొలుచుటకు, ఒకే పరిమాణముగల అక్షరములు క్రమముగ వెలిసిపోవు పెల్లి–రాబ్సను పటము 1988లో వెలువడినది.

3. రంగుల గుణదోషములు

బూడిదరంగు: వెలుతురును తగ్గించును గాని రంగులను అంతగా మార్చదు. పైరు పరిశీలనకు ఇది మేలు.

పసుపు, తేనెరంగు: నీలపు వెలుతురు నాపుటచే మిఱుమిట్లు తగ్గి, కొందఱికి అంచులు స్పష్టముగ దోచును. కాని పచ్చనాకు సయితము పసుపువారినట్లు కనబడును.

ఆకుపచ్చ: పసుపువారిన ఆకును పచ్చగా జూపును. అల్లములో దుంపకుళ్లు తొలుత క్రిందియాకుల కొనలు పసుపువారుటతో బయటపడును; ఆ గుఱుతు తప్పినచో మడి దక్కుట కష్టము.

అద్దము నల్లగా నున్నంత మాత్రమున అతినీలలోహిత కిరణములను ఆపునని తలపరాదు. ఆ గుణము వేఱు. యూవీ 400 అను గుర్తు నడిగి, నమ్మకమైన దుకాణమున కొనవలయును. చీకటిపడిన పిమ్మట ఏ రంగుటద్దమును ధరింపరాదు. రాత్రి బండి నడుపుటకు పసుపుటద్దము మంచిదను మాటయు నమ్మదగదు. అది ఉన్న కొద్ది వెలుతురును తగ్గించును.

4. మందుడబ్బాల గుర్తులు

పురుగుమందు డబ్బాపై గల గుర్తులో క్రింది త్రిభుజము ఎఱుపైనచో అత్యంత విషము, పసుపైనచో మిక్కిలి విషము, నీలమైనచో మధ్యమము, ఆకుపచ్చయైనచో స్వల్పము. ముదురు పసుపుటద్దముగుండ నీలము ఆకుపచ్చగా భ్రమగొల్పవచ్చును. పసుపు తెల్లకాగితమున కలిసిపోవును. కావున మందు కలుపుటకు ముందు రంగుటద్దము తీసి, నీడపట్టున గుర్తు చూచి, పిమ్మట రంగులేని రక్షణద్దము ధరింపవలయును.

5. వైద్యుని చూడవలసిన వేళ

శస్త్రచికిత్స జరిగిన కొన్ని నెలలకో, ఏండ్లకో చూపు మరల మసకబారినచో రంగుటద్దము మార్చి ఊరకుండరాదు. కృత్రిమ కటకము వెనుకనున్న పొర మబ్బుపట్టి యుండవచ్చును. దానిని లేజరు కిరణముతో కొలది నిమిషములలో సవరింతురు. నొప్పి, ఎఱుపు, చూపు హఠాత్తుగా తగ్గుట, మెఱుపులు, తెరపడినట్లుండుట అను లక్షణములలో ఏది కనబడినను ఆ దినముననే వైద్యుని జూడవలయును.

రంగుటద్దము కొనునపుడు ఒక పచ్చనాకును, ఒక పసుపువారిన ఆకును వెంట గొనిపోయి, అద్దము పెట్టుకొని యొకసారి, తీసి యొకసారి చూడుడు. రెంటి భేదము తగ్గించు అద్దము ఎంత చౌకయైనను సేద్యగానికి పనికిరాదు.